సున్నా మార్కుల జవాబు

ముప్ఫయ్ రెండేళ్లు ప్రభుత్వ కాలేజీల్లో చరిత్ర చెప్పి 2013లో రిటైరయినాను. ఆ కాలమంతటిలో ఎన్ని వేల పేపర్లు దిద్దానో నాకే తెలియదు. వాటిలో ఒక్క పేపరు మాత్రం ఈనాటికీ నన్ను వదలలేదు. అదేమీ గొప్పగా రాసిన పేపరు కాదు. అందులో ఒక జవాబుకు నేను సున్నా వేశాను.

ఫ్రెడరిక్ బార్బరోసాను గురించి లఘుటీక రాయమని ప్రశ్న. ఆ కుర్రవాడు రాసిన జవాబు ఇది: బార్బరోసా పన్నెండవ శతాబ్దపు జర్మన్ చక్రవర్తి. ఎర్రని గడ్డము గలవాడు. ఇతడు 1941 జూన్ 22న ముప్పది లక్షల సైన్యముతో సోవియట్ యూనియన్‌పై దండెత్తి ఓడిపోయెను.

సున్నా వేసి ఊరుకున్నా బాగుండేది. నేను ఆ జవాబును క్లాసులో పైకి చదివి వినిపించాను. పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. "ఏమయ్యా, మీ చక్రవర్తి ఎనిమిది వందల ఏళ్లు బతికాడా?" అని అడిగాను. అతను తల వంచుకుని, "గైడులో రెండుచోట్లా అదే పేరుంది సార్" అన్నాడు. ఆ యింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అతనే. తల్లీ తండ్రీ కూలికి పోయేవాళ్లు. ఆ తరవాత సంవత్సరాంతందాకా అతను నా క్లాసులో నోరు విప్పలేదు.

రెండుచోట్లా అదే పేరు ఎందుకున్నది? అతను నన్ను అడిగినది నిజానికి ఇది. అడిగిన తీరు ప్రశ్నలాగా లేదు గనక నేను గుర్తించలేదు. గుర్తించినా అప్పుడు జవాబు చెప్పగలిగేవాణ్ణి కాను. ఈ వ్యాసం ఆలస్యంగా చెబుతున్న జవాబు.

అసలు బార్బరోసా చరిత్ర చూస్తే, దండయాత్రకు అతని పేరు పెట్టుకోవటం అపశకునంలాగా కనిపిస్తుంది. 1155లో రోములో చక్రవర్తిగా కిరీటం పెట్టించుకున్నాడు. ఇటలీ నగరాలమీద పదే పదే దండెత్తాడు. 1162లో మిలాన్ నగరాన్ని నేలమట్టం చేయించాడు. ఆ నగరాలే ఏకమై 1176లో లెన్యానో దగ్గర అతన్ని చిత్తుగా ఓడించాయి. చివరకు జెరూసలేమును జయిస్తానని మూడో క్రూసేడుకు బయలుదేరి, అక్కడికి చేరకుండానే, 1190 జూన్ 10న ఇప్పటి టర్కీలో ఒక నదిలో మునిగి చచ్చిపోయాడు. తూర్పుకు బయలుదేరి దారిలో మునిగినవాడి పేరును తూర్పు దండయాత్రకు ఎవరైనా పెట్టుకుంటారా?

పెట్టుకున్నారు. ఎందుచేతనంటే వాళ్లకు కావలసింది ఆ మనిషి కాదు, మనిషి చుట్టూ అల్లుకున్న కథ. చక్రవర్తి చావలేదట. కిఫ్‌హాయిజర్ కొండ లోపల ఒక బల్ల ముందు కూచుని నిద్రపోతున్నాడట. గడ్డం పెరిగి పెరిగి బల్లను చుట్టుకున్నదట. కొండచుట్టూ కాకులు తిరగటం మానిన రోజున లేచి వచ్చి దేశానికి పూర్వవైభవం తెస్తాడట. మొదట్లో ఈ కథ బార్బరోసాది కాదు. అతని మనమడు రెండో ఫ్రెడరిక్ గురించి చెప్పుకునేవాళ్లు. ఎప్పుడో ఒకనాడు చక్రవర్తి తిరిగివచ్చి, కొవ్వెక్కిన మతగురువుల మదం అణచి, బీదవాళ్లకు న్యాయం చేస్తాడని ఆనాటి జనంలో ఒక ఆశ వుండేది. న్యాయం దొరకనివాళ్లు కల్లో చూసుకున్న న్యాయం అది. ఆ కథను పుట్టించింది దర్బారు కాదు.

ప్రజలు పుట్టించుకున్న ఆశ ప్రభువుల ఆస్తిగా మారటానికి కొన్ని శతాబ్దాలు పట్టింది. పంతొమ్మిదవ శతాబ్దంలో జర్మనీ ఏకమయే రోజుల్లో ఈ కథకు మళ్లీ గిరాకీ వచ్చింది. కవి హైనే 1844లో తన 'జర్మనీ: ఒక శీతాకాలపు గాథ'లో ఈ ముసలి చక్రవర్తిని కల్లోకి పిలిపించి, ముఖాన్నే వేళాకోళం చేసి, మాకు చక్రవర్తులతో పనిలేదు పొమ్మన్నాడు. కాని హైనే మాట విన్నదెవరు? 1896లో ఆ కొండమీద ఒక మహాస్మారకం లేచింది. అందులో బార్బరోసా రాతివిగ్రహం కిందా, గుర్రమెక్కిన విల్హెల్మ్ చక్రవర్తి విగ్రహం పైనా వుంటాయి. కింద నిద్ర లేస్తున్నవాడే పైన స్వారీ చేస్తున్నాడని చూపరులు అర్థం చేసుకోవాలి. బీదవాళ్లు ఎదురుచూసిన న్యాయం మాత్రం ఆ రాళ్లలో ఎక్కడా లేదు. 1933లో నాజీలు తగలబెట్టిన పుస్తకాలలో హైనే పుస్తకాలు కూడా వున్నాయి. బార్బరోసాను నిద్రలేపదలచినవాళ్లు, అతన్ని చూసి నవ్విన కవిని వుండనివ్వరు గదా!

1940 డిసెంబరు 18న హిట్లర్ సంతకం చేసిన 21వ నంబరు ఆదేశంలో సోవియట్ యూనియన్ మీద దాడికి బార్బరోసా అని పేరు పెట్టారు. అంతకు ముందు సైన్యాధికారులు వేసుకున్న పథకాలకు వేరే పేర్లుండేవి. ఈ దాడి ఉద్దేశాలు పచ్చి వ్యాపారపు ఉద్దేశాలు: ఉక్రెయిన్ ధాన్యం, కాకసస్ చమురు, భూమి, వెట్టిచాకిరీ. ఆ ధాన్యాన్ని లాక్కుంటే అక్కడి జనం కోట్లలో ఆకలితో చస్తారని 1941 మే నెలలోనే అధికారులు లెక్కలు వేసి కాగితం మీద పెట్టుకున్నారు. ఆ యుద్ధంలో చచ్చిపోయిన సోవియట్ ప్రజల సంఖ్య సుమారు 2 కోట్ల 70 లక్షలు.

ధాన్యం దోచుకోవటానికి పొమ్మంటే పోయే సైనికులు కొందరే వుంటారు. ఏడున్నర శతాబ్దాలుగా ఆగివున్న ఒక పవిత్రకార్యాన్ని పూర్తిచెయ్యమంటే పోయేవాళ్లు చాలామంది వుంటారు. పాత పేరు చేసే పని అదే. నిన్న పుట్టిన ఆకలిని అది పురాతన ధర్మంగా మార్చి చూపిస్తుంది. ఫలానా ఫలానా మనుషులు ఫలానా లాభంకోసం ఫలానా తేదీన సంతకం పెట్టారన్న సంగతి మాయమై, లేచి వచ్చిన చక్రవర్తే సేనలు నడుపుతున్నట్టు కనిపిస్తుంది. అంటే నా విద్యార్థి రాసిన జవాబు, ఆ ప్రభుత్వం తన ప్రజలచేత నమ్మించదలచుకున్న విషయమే. వాళ్లు కోట్లు ఖర్చు పెట్టి చేసిన ప్రచారం, మా వూరి గైడులో రెండు పేజీలు పక్కపక్కన చదివిన ఒక కూలివాళ్ల అబ్బాయి బుర్రలో యథాతథంగా తేలింది. దాన్ని చూసి నవ్వవలసింది కాదు. అక్కడ ఆగి పాఠం మొదలుపెట్టవలసింది.

2019లో న్యూరెంబర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గర రెండు నెలలున్నాను. పగలంతా వాడు ఆఫీసుకు పోతే నేను వూరంతా నడిచేవాణ్ణి. పాత వూళ్లో సెంట్ కాథరిన్ చర్చి వున్నది. 1945 జనవరి 2 నాటి బాంబుదాడిలో దానికి కప్పు పోయింది, గోడలు మిగిలాయి. ఇప్పుడు ఆ గోడల మధ్య పాటకచ్చేరీలు పెడుతుంటారు. 1938లో హిట్లర్ ప్రభుత్వం పాత చక్రవర్తుల రాజచిహ్నాలను, అంటే కిరీటాన్నీ, రాజదండాన్నీ, గోళాన్నీ, కత్తుల్నీ, పట్టాభిషేక వస్త్రాల్నీ తెచ్చి ప్రదర్శించింది ఈ చర్చిలోనే.

ఆ వస్తువుల ప్రయాణం ఒక కథ. 1424లో సిగిస్మండ్ చక్రవర్తి వాటిని శాశ్వతంగా న్యూరెంబర్గ్ అధీనంలో వుంచాడు. 1796లో ఫ్రెంచి విప్లవసేనలు దగ్గరకు రాగానే మూటకట్టి తరలించారు. 1800లో వియన్నా చేరాయి. 1806లో ఆ సామ్రాజ్యమే రద్దయింది. దానితో ఆ చిహ్నాలకు పని పోయింది, మ్యూజియం వస్తువులయినాయి. 1938 మార్చిలో ఆస్ట్రియాను మింగిన నాజీలు, ఆగస్టు చివర ఒక ప్రత్యేక రైల్లో వాటిని న్యూరెంబర్గ్ తెచ్చి, సెప్టెంబరులో జరిగిన తమ పార్టీ మహాసభకు అలంకారం చేశారు. ఒక పొరుగుదేశాన్ని ఆక్రమించటం ఈ విధంగా ఇంటి సొత్తు ఇంటికి తెచ్చుకోవటం అయింది.

ఇంకొక సంగతి. 1935 సెప్టెంబరు మహాసభలో న్యూరెంబర్గ్ మేయరు పాత సామ్రాజ్య ఖడ్గానికి నకలు చేయించి హిట్లర్‌కు బహూకరించాడు. అదే మహాసభలో 15వ తేదీన యూదుల పౌరసత్వాన్ని హరించిన చట్టాలు చేశారు. వాటికి న్యూరెంబర్గ్ చట్టాలనే పేరు నిలిచిపోయింది. కత్తి అందరికీ చూపించటానికి. చట్టం పని జరిపించటానికి. జనం కత్తిని చూస్తుంటే చట్టం తన పని తాను చేసుకుపోయింది. ఆ మహాసభల మైదానంలో కట్టదలచిన మహాభవనాలకు రాయి ఎక్కడిదనుకున్నారు? ఫ్లోసెన్‌బర్గ్ వంటి నిర్బంధ శిబిరాలను గ్రానైట్ క్వారీల పక్కనే పెట్టి ఖైదీలచేత కొట్టించారు. సామ్రాజ్య వైభవాన్ని చూసేటప్పుడు రాయి ఎవరు కొట్టారని అడగటం మన అలవాటు కావాలి.

ఒక శనివారం మా అబ్బాయితో కలిసి వియన్నా వెళ్లాను. ఆ చిహ్నాలు ఇప్పుడు అక్కడి హాఫ్‌బర్గ్ ప్రాసాదపు ఖజానాలో వున్నాయి. కిరీటం ఎనిమిది పలకలది. నాలుగు పలకలలో రత్నాలు, ముత్యాలు పొదిగారు. మిగతా నాలుగింటిలో బొమ్మలున్నాయి. ఒక పలకమీద క్రీస్తు. తక్కిన మూడింటిమీదా ఎవరు? దావీదు, సొలొమోను, హిజ్కియా. ముగ్గురూ యూదుల రాజులు! పక్క అద్దాలపెట్టెలో పట్టాభిషేకాలలో కప్పుకునే ఎర్రపట్టు వస్త్రం వుంది. ఒంటెమీదికి దూకుతున్న సింహం, బంగారు జరీతో. దాని అంచు పొడవునా అరబ్బీ లిపి, హిజ్రీ 528వ సంవత్సరమని తేదీ. సిసిలీలో పాలెర్మో రాజు రోజర్ కర్ఖానాలో 1133-34లో తయారయింది. దాన్నే తరవాత జర్మన్ చక్రవర్తులు శతాబ్దాలపాటు కప్పుకున్నారు.

నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. యూదుడు మనిషే కాదని చట్టం చేసిన వూళ్లో, అదే పార్టీ, యూదురాజుల బొమ్మలున్న కిరీటాన్ని, అరబ్బీ అక్షరాలున్న వస్త్రాన్ని స్వచ్ఛమైన జర్మన్ రక్తానికి గుర్తుగా పెట్టి వూరేగింది. వాళ్లకు బొమ్మలు కనపడలేదా? కనపడే వుంటాయి. కాని చిహ్నాన్ని వాడుకునేవాడు దాన్ని చదవడు, చదవనివ్వడు కూడా. దూరంనుంచి మెరుపు చూపిస్తాడు. దగ్గరికి పోయి చూస్తే ఆ వస్తువే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. మధ్యయుగాలలో కూడా పనివాళ్లు, నేతగాళ్లు, లిపులు, దేవుళ్లు సరిహద్దులు దాటి కలిసిపోయారని చెబుతుంది.

యుద్ధం ఓడిపోయేటప్పుడు న్యూరెంబర్గ్ అధికారులు కిరీటాన్నీ, దండాన్నీ, గోళాన్నీ, కత్తుల్నీ ఒక నేలమాళిగలో గోడకట్టి దాచారు. చక్రవర్తి కొండలో నిద్రపోయినట్టు కిరీటాన్ని కూడా నిద్రపుచ్చారు, తమవాడు మళ్లీ ఎవడైనా లేస్తాడని కాబోలు. 1945 ఆగస్టులో అమెరికన్ సైన్యం గోడ పగలగొట్టించి బయటికి తీసింది. 1946 జనవరిలో అవి వియన్నా చేరాయి.

ఇంతకూ ఈ కిరీటాలతో అవసరం ఎప్పుడు వస్తుంది? 1932లో జర్మనీలో నిరుద్యోగుల లెక్క 60 లక్షలకు చేరింది. అధికారంలోకి వచ్చిన నాజీలు 1933 మే 1ని జాతీయ సెలవుగా ప్రకటించి కార్మికుల పండగను ఘనంగా జరిపారు. మర్నాడు, మే 2న, కార్మిక సంఘాల ఆఫీసులను ఆక్రమించి, నాయకులను జైళ్లలో వేశారు. గుర్తును కౌగిలించుకోవటం, గుర్తు వెనక వున్న మనుషులను జైలుకు పంపటం ఒకే పనిలో రెండు భాగాలు. సంఘం పెట్టుకునే హక్కు, సమ్మె చేసే హక్కు, ఓటు లాక్కున్నవాడు బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి గదా. జీతం ఇస్తే యజమానులకు నష్టం. వెయ్యేళ్ల వంశగౌరవం ఇస్తే ఎవరికీ కానీ ఖర్చు లేదు.

అలా ఇచ్చే గతానికి నియమం కూడా లేదు. షార్లమేన్ చక్రవర్తి 782లో వెర్డెన్ దగ్గర 4,500 మంది శాక్సన్లను నరికించాడని పాత గ్రంథాలు చెబుతున్నాయి. 1935లో హిమ్లర్ మనుషులు ఆ శాక్సన్ల స్మృతికి అక్కడ 4,500 రాళ్లు పాతించారు. అప్పటికి షార్లమేన్ జర్మన్లను చంపిన కసాయి. యూరప్ సగం చేతికి వచ్చాక, 1942లో, అదే షార్లమేన్ పన్నెండు వందలవ జయంతిని యూరప్‌ను ఏకంచేసిన మహాపురుషుడంటూ జరిపారు. 1944లో ఫ్రెంచివాళ్లను చేర్చుకుని పెట్టిన ఎస్సెస్ దళానికి ఆయన పేరే పెట్టారు. రాజు మారలేదు. రాజుతో పడ్డ అవసరం మారింది.

ఇది ఒక్క జర్మనీ జబ్బే అయితే ఇంత రాయను. స్పెయిన్‌లో ఫ్రాంకో పక్షం పదిహేనవ శతాబ్దపు ఇసబెల్లా, ఫెర్డినాండ్ల కాడినీ బాణాలనూ తన గుర్తు చేసుకున్నది. తానూ ముస్లిముల బారినుంచి దేశాన్ని విడిపించిన పాత వీరుల కోవవాణ్ణని చెప్పుకున్న ఆ సేనాపతి, తన దేశపు రిపబ్లిక్‌ను కూల్చటానికి మొరాకోనుంచి వేలాది ముస్లిం సైనికులను దింపాడు. 1955లో బర్గోస్ నగరంలో ఎల్ సిద్ అనే వీరుడి విగ్రహాన్ని ఆవిష్కరించాడు. ఆ వీరుడు కొన్నేళ్లు సరగోసా ముస్లిం రాజు కొలువులో వున్నవాడే. అతని బిరుదు కూడా అరబ్బీ 'సయ్యిద్'నుంచి వచ్చిందే.

ఇక మన ఇంటి సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. మనవాళ్లనుకున్నవాళ్లు ఈ పని చెయ్యలేదా? ఐసెన్‌స్టీన్ తీసిన 'అలెగ్జాండర్ నెవ్‌స్కీ' 1938లో వచ్చింది. పదమూడవ శతాబ్దపు రష్యన్ రాకుమారుడు జర్మన్ దండులను ఓడించిన కథ. 1939 ఆగస్టులో హిట్లర్‌తో సంధి కుదరగానే దాన్ని సినిమాహాళ్లనుంచి తీసేశారు. 1941లో యుద్ధం రాగానే మళ్లీ వేశారు. 1942లో నెవ్‌స్కీ పేర ఒక సైనిక పతకం కూడా వెలిసింది. చావు గుమ్మంలో నిలబడ్డ ప్రజలు తాతల పేర్లు తలుచుకోవటాన్ని నేను ఆక్షేపించను. దోచుకోవటానికి పోయేవాడి కేకా, ఇల్లు కాపాడుకునేవాడి కేకా ఒకటి కావు. కాని ఇవాన్ ది టెరిబుల్ మాటేమిటి? ఐసెన్‌స్టీన్ తీసిన 'ఇవాన్' మొదటి భాగానికి 1946లో స్టాలిన్ బహుమానం వచ్చింది. ఇవాన్ చేతుల నెత్తురు, మనసులోని అనుమానం చూపించిన రెండో భాగాన్ని అదే యేడు నిషేధించారు. అది జనానికి కనిపించింది 1958లో, దర్శకుడు పోయిన పదేళ్లకు. జార్‌ను కూలదోసిన దేశంలో జార్ మళ్లీ ఎందుకు కావలసివచ్చాడు? పైనున్నవాణ్ణి కిందివాళ్లు ప్రశ్నించకూడదన్న నియమం వచ్చినచోటికి, జెండా ఏ రంగుదైనా, పాత కిరీటం దానంతటదే నడిచి వస్తుంది. నా వయసులో వున్నప్పుడు మా మిత్రులు ఈ ప్రశ్న వేస్తే నేను మాట మార్చేవాణ్ణి. అది కూడా నేను వేసుకోవలసిన సున్నాలలో ఒకటి.

కిరీటం మెరుపు ఎటువంటిదో నాకు తెలియక కాదు. 1967లో, ఏడో తరగతిలో, మా హైస్కూలు వార్షికోత్సవానికి నేను కృష్ణదేవరాయల వేషం వేశాను. అట్టకిరీటం, జిగురుతో అంటించిన బంగారురంగు కాగితం. మా పాలేరు కొడుకు నా వెనక వింజామర పట్టుకుని నిలబడ్డాడు. రిహార్సళ్లలో అన్నీ విన్నందువల్ల నా మాటలన్నీ వాడికి నాకంటే బాగా వచ్చు. ఆ రోజు నేను రెండుసార్లు తడబడితే రెండుసార్లూ వెనకనుంచి వాడే అందించాడు. చప్పట్లు నాకు పడ్డాయి. ఆ రాత్రి కిరీటం తియ్యకుండా పడుకున్నాను. తరవాత ముప్ఫయ్ రెండేళ్లు క్లాసులో స్వర్ణయుగాలను గురించి చెప్పినప్పుడల్లా, ఆ కిరీటం నా తలమీద ఎంతో కొంత వుంటూనే వచ్చిందనుకుంటాను. వింజామర పట్టినవాళ్ల కొడుకు ఒకడు బెంచీమీద కూచుని తప్పు జవాబు రాస్తే, నవ్వింది ఆ కిరీటమే.

అయితే రాజులను పాఠాలలోనుంచి తీసేద్దామా? తీసేస్తే వాళ్లను నియంతలకు ఉచితంగా అప్పగించినట్టే. దాచిన కిరీటమే కథలు పుట్టిస్తుంది. అద్దాలపెట్టెలో దగ్గరగా పెట్టి, ఎవడు పొదిగాడు, ఎవడు నేశాడు, ఆ అక్షరాలు ఏ భాషవి అని చూపిస్తే అది చరిత్ర అవుతుంది. ఒక రాజును గురించి చెప్పినప్పుడు అతను పుట్టిన తేదీ, చచ్చిన తేదీ చెప్పి వూరుకోవటం చాలదు. చచ్చాక అతన్ని ఎవరు లేపారు, ఏ యేట లేపారు, ఆ యేడు ఎవరి నోరు కట్టారు, ఎవరి కూలి తగ్గించారు అన్నవి కూడా పాఠంలో భాగాలే. ఆ తేదీలు మన గైడులలో లేవు. ఉపాధ్యాయులే సంపాదించి చెప్పాలి.

ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. అతని పేపరు నాకు మళ్లీ దొరికితే పూర్తి మార్కులు వెయ్యను. చచ్చినవాడు దండెత్తలేడు, అది తప్పే. సున్నా మాత్రం కొట్టేసి, ఆ వాక్యం పక్కన ఎర్రపెన్సిలుతో ఇట్లా రాస్తాను: "ఇతన్ని ఎవరు లేపారు? రేపు క్లాసులో నువ్వే అడుగు."